లైబ్రరీలో నల్లజాతి రచయితల నవలల బుక్ క్లబ్: మొదలుపెట్టడం, నడపడం ఎలా?

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకి పబ్లిక్ లైబ్రరీ కొత్త చోటేమీ కాదు. పిల్లల్ని స్టోరీ టైమ్‌కి తీసుకెళ్తాం, సమ్మర్ రీడింగ్ షీట్లు నింపిస్తాం, సంచి నిండా బొమ్మల పుస్తకాలు మోసుకొస్తాం. పెద్దల నవలలున్న అరల వైపు మాత్రం మనలో చాలామంది తొంగి చూడరు. టోనీ మారిసన్ పేరు విని ఉంటాం, అలెక్స్ హేలీ ‘రూట్స్’ని సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ కాలేజీ రోజుల్లో చదివి ఉంటాం, అక్కడితో ఆగిపోయి ఉంటాం. నల్లజాతి రచయితల నవలల్ని నలుగురితో కూర్చుని చదవాలని, అందుకు మీ ఊరి లైబ్రరీలో ఒక బుక్ క్లబ్ పెట్టాలని మీకు అనిపిస్తే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ రాస్తున్నాను.

పనుల్లోకి దిగేముందు ఒక షరతు. ఇలాంటి క్లబ్బులు చాలావరకు ఒకే తీరుగా చెడతాయి. పది నిమిషాలు పుస్తకం గురించి, మిగతా గంటంతా జాతి వివక్ష గురించి, పోలీసుల గురించి, ఎన్నికల గురించి మాట్లాడుకుంటారు. అందరూ మంచి మాటలే చెబుతారు, ఎవరికీ ఏమీ అంటదు. మన మంచి అభిప్రాయాలు ఒకరికొకరు వినిపించుకోవడానికైతే నవల అక్కర్లేదు. కాబట్టి చర్చ ఎంత దూరం వెళ్లినా మళ్లీ పేజీ దగ్గరికి రావాలి. కింద చెప్పే ఏర్పాట్లలో చాలావరకు అందుకోసమే.

ముందు వేరే క్లబ్‌లో కూర్చుని చూడండి

లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈవెంట్స్ క్యాలెండర్ తెరిచి, పెద్దల ప్రోగ్రాముల్లో బుక్ క్లబ్బులు ఏమున్నాయో చూడండి. ఒక మోస్తరు ఊళ్లో కూడా ఒకటో రెండో ఉంటాయి. నల్లజాతి పాఠకులే నడుపుకునే క్లబ్ మీ కౌంటీలోని ఏదైనా బ్రాంచ్‌లో ఉంటే, అసలు కొత్తది పెట్టాల్సిన పనే లేకపోవచ్చు. అందులో చేరండి. మొదట్లో వినడానికే వెళ్లండి. అక్కడ నవ్వే చోట్లు, కోపం తెచ్చుకునే చోట్లు మీరు ఇంట్లో ఒక్కరే చదువుకున్నప్పుడు తట్టినవాటి కంటే వేరుగా ఉంటాయి.

అలాంటిది లేకపోతే మీరే మొదలుపెట్టండి, కానీ ఫిబ్రవరిలో వద్దు. ఫిబ్రవరి బ్లాక్ హిస్టరీ మంత్. 1926లో నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్‌సన్ ఒక వారం పండగగా మొదలుపెట్టింది 1976 నుంచి నెలంతా జరుగుతోంది. ఆ నెలలో ప్రతి క్లబ్బూ ఒక నల్లజాతి రచయితని చదివి, మార్చి రాగానే వదిలేస్తుంది. ఏడాది పొడుగునా నడవాల్సిన క్లబ్‌కి సెప్టెంబర్ మేలు. ఇండియా ప్రయాణాలు అయిపోయి ఉంటాయి, పిల్లల బడి వేళలు కుదురుకుని ఉంటాయి.

లైబ్రేరియన్‌తో ఏం మాట్లాడాలి

ఇన్ఫర్మేషన్ డెస్క్ దగ్గర పెద్దల ప్రోగ్రాములు చూసేవాళ్లెవరని అడగండి. మొహమాటపడకండి, మనం కట్టే పన్నులతో నడిచే చోటే అది. దారులు రెండున్నాయి. లైబ్రరీయే తన ప్రోగ్రాంగా పెట్టుకుని, చర్చ నడిపే పని మీకు అప్పగించడం ఒకటి. మీరే మీటింగ్ రూమ్ బుక్ చేసుకుని నడుపుకోవడం రెండోది. మొదటిదానికే ప్రయత్నించండి. క్యాలెండర్‌లో, పోస్టర్లలో క్లబ్ పేరు వాళ్లే వేస్తారు, కాపీలు వాళ్లే తెప్పిస్తారు, మీకు ఒంట్లో బాగోలేని రోజున కూడా తలుపు తెరుచుకుంటుంది. మీటింగ్ రూమ్ అయితే చాలాచోట్ల ఉచితమే. కాకపోతే ఎవరొచ్చినా రానివ్వాలి, డబ్బులు వసూలు చేయకూడదు, వరసగా ఎన్ని తేదీలు తీసుకోవచ్చో దానికో లెక్క ఉంటుంది. తినేవి తేవచ్చా అని ముందే అడగండి. మనం ఎలాగూ తెస్తాం.

టైమ్ విషయంలో ఒక చిట్కా. శనివారం ఉదయం పిల్లల ప్రోగ్రాం ఉన్న గంటలోనే పక్క గదిలో మీ క్లబ్ పెట్టించుకోగలిగితే, చిన్నపిల్లల అమ్మానాన్నలు కూడా రాగలుగుతారు. పిల్లలు మరీ చిన్నవాళ్లైతే ఇద్దరిలో ఒకరు అక్కడే ఉండాల్సొస్తుంది, ఆ రూలు కూడా కనుక్కోండి.

మీరు అడుగుతున్న ఈ గదులకీ ఒక చరిత్ర ఉంది. 1939లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఐదుగురు నల్లజాతి యువకులు లైబ్రరీకి వెళ్లి కార్డు అడిగారు. లైబ్రరీవాళ్లు కుదరదన్నారు. అయినా అరల్లోంచి పుస్తకాలు తీసుకుని, వేర్వేరు టేబుళ్ల దగ్గర కూర్చుని మౌనంగా చదువుకున్నారు. పోలీసులొచ్చి అరెస్టు చేశారు. 1961లో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో టూగలూ కాలేజీ విద్యార్థులు తొమ్మిదిమంది ఇదే పని చేసి జైలుకెళ్లారు. మెంఫిస్‌లో పనిచేస్తున్న రోజుల్లో, తర్వాత పేరున్న నల్లజాతి రచయిత అయిన రిచర్డ్ రైట్ ఒక తెల్ల సహోద్యోగి కార్డు అరువు తీసుకుని, ఆ తెల్లాయన రాసినట్టుగా చీటీ రాసుకుని, పుస్తకాలు తెచ్చుకునేవాడు. ఇంకోవైపు న్యూయార్క్ హార్లెమ్‌లో 135వ వీధి బ్రాంచ్ ఉంది. నల్లజాతి చరిత్ర కోసం ఆర్థర్ షాంబర్గ్ అనే ఆయన సేకరించిన పుస్తకాలు, కాగితాలు 1926లో అక్కడికి చేరాయి. నవలా రచయిత్రి నెల్లా లార్సెన్ అక్కడే లైబ్రేరియన్‌గా పనిచేసింది. మొదటి సమావేశంలో ఈ నాలుగు ముక్కలు రెండు నిమిషాల్లో చెబితే చాలు, ఈ పుస్తకాలు లైబ్రరీలోనే ఎందుకు చదువుతున్నామో వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకాల వరస

క్లబ్ నిలబడేదీ కూలబడేదీ ఇక్కడే. చాలామంది మారిసన్ ‘బిలవ్డ్’తో మొదలుపెడతారు, నోబెల్ వచ్చిన రచయిత్రి కదా అని. మొదటి ముప్ఫై పేజీల్లో సగంమంది జారిపోతారు. మొదటి పుస్తకానికి ఒకే పరీక్ష పెట్టుకోండి. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్క్ మధ్య వచ్చినవాళ్లంతా పూర్తి చేయగలరా?

నేనైతే ఎర్నెస్ట్ గెయిన్స్ ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’ పెడతాను. 1993లో వచ్చింది, సుమారు రెండు వందల యాభై పేజీలు, సూటిగా సాగే కథ. 1940ల లూసియానాలో జెఫర్సన్ అనే కుర్రాడికి చేయని హత్యకు మరణశిక్ష పడుతుంది. అతన్ని కాపాడాల్సిన లాయరే కోర్టులో, ఇతనికీ పందికీ తేడా లేదు, దీన్ని కరెంటు కుర్చీలో కూర్చోబెట్టి ఏం సాధిస్తారు అన్నట్టు వాదిస్తాడు. అతన్ని పెంచిన ముసలావిడకి ఒకటే కోరిక, పిల్లవాడు మనిషిలా నడిచి వెళ్లి చావాలి. ఆ పని ఊరి బడిపంతులు గ్రాంట్ మీద పడుతుంది. అతనికేమో ఆ ఊరి నుంచే పారిపోవాలని ఉంటుంది. చదువుకుని ఊరు దాటాలనుకున్నవాడి మీద ఊరి పెద్దలు వేసే బరువు ఎలా ఉంటుందో తెలుగు పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’, 1979. 1976లో లాస్ ఏంజిలిస్‌లో ఉన్న డేనా అనే నల్లజాతి రచయిత్రి, ఉన్నట్టుండి బానిసత్వం నాటి మేరీలాండ్‌లో తేలుతుంది. అక్కడ రూఫస్ అనే తెల్ల దొర కొడుకు ప్రాణం మీదికొచ్చినప్పుడల్లా ఈమె వెళ్లి కాపాడాలి, ఎందుకంటే తన వంశానికి మూలపురుషుడు వాడే. పుస్తకాలంటే అంతగా పడనివాళ్లు కూడా దీన్ని రెండు మూడు రాత్రుల్లో ముగించేస్తారు.

మూడోదానికి బానిసత్వం వద్దు, జైలు వద్దు. వరసగా బాధల పుస్తకాలే పెడితే పాఠకులు అలసిపోతారు, నల్లజాతి మనిషంటే దెబ్బలు తినే మనిషి అన్న బొమ్మే మిగులుతుంది. వాల్టర్ మోస్లీ ‘డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్’ పెట్టండి. 1990లో వచ్చిన డిటెక్టివ్ నవల, కథ జరిగేది 1948 లాస్ ఏంజిలిస్‌లో. విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయి, ఇంటి లోన్ కట్టాలన్న బెంగతో ఈజీ రాలిన్స్ ఒక అమ్మాయిని వెతికే పనికి ఒప్పుకుంటాడు. మార్ట్‌గేజ్ టెన్షన్ గురించి మన క్లబ్‌లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత మీ ఇష్టం. లార్సెన్ 1929లో రాసిన ‘పాసింగ్’ చాలా చిన్నది, పండగ నెలకి సరిగ్గా సరిపోతుంది. చివర్లో ఏం జరిగిందన్నదాని మీదే గంట గడిచిపోతుంది. జోరా నీల్ హర్‌స్టన్ ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’, 1937, ఫ్లోరిడాలో జేనీ మూడు పెళ్లిళ్ల కథ. రైట్ ఈ నవలని తీసిపారేస్తూ సమీక్ష రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రచయిత్రి 1960లో పోయింది. గుర్తుకి రాయి కూడా లేని ఆమె సమాధిని 1973లో ఆలిస్ వాకర్ వెతికి పట్టుకుని రాయి వేయించింది. కాల్సన్ వైట్‌హెడ్ ‘ది నికెల్ బాయ్స్’, 2019, ఫ్లోరిడాలోని డోజియర్ అనే నిజమైన బాలనేరస్తుల బడి ఆధారంగా రాసింది. చివరి మలుపు ఎవరికీ ముందే చెప్పొద్దని గట్టిగా హెచ్చరించండి.

‘ఏడు తరాలు’ చదివినవాళ్లకి యా జ్యాసీ ‘హోమ్‌గోయింగ్’ ప్రత్యేకంగా చెప్పండి. ఇదీ ఏడు తరాల కథే. గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘానాలో, ఒక తల్లికి పుట్టిన ఇద్దరు కూతుళ్లలో ఒకామె కేప్ కోస్ట్ కోటలో ఇంగ్లీషు అధికారికి భార్యగా పైగదుల్లో ఉంటే, రెండో ఆమె అదే కోట కింద చీకటి కొట్లో, అమ్మకానికి. అప్పటి నుంచి ఒక అధ్యాయం ఈ పాయది, ఒకటి ఆ పాయది. ముందున్న వంశవృక్షం పేజీని జిరాక్స్ తీసి అందరికీ పంచండి, లేకపోతే నాలుగో అధ్యాయంలో తికమక మొదలవుతుంది.

పెర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ ఎప్పుడు పెడతారని ఎవరో ఒకరు అడుగుతారు. 2024లో వచ్చి నేషనల్ బుక్ అవార్డు, మరుసటి ఏడు పులిట్జర్ తెచ్చుకున్న పుస్తకం. పెట్టండి, కానీ మొదటి ఆరు నెలల్లో వద్దు. అవార్డు పుస్తకాలకి లైబ్రరీల్లో హోల్డ్ వరస పొడుగ్గా ఉంటుంది, కొనుక్కోలేనివాళ్లు వెనకబడతారు.

కాపీలు అందరికీ దొరకాలి

కనీసం ఆరు వారాల ముందే పుస్తకం ఖాయం చేయండి. చాలా లైబ్రరీల్లో ‘బుక్ క్లబ్ కిట్’ అని ఉంటుంది, ఒకే సంచిలో పుస్తకం కాపీలు ఎనిమిదో పదో, చర్చకి ప్రశ్నలు. మామూలు అరువు కంటే ఎక్కువ రోజులు ఉంచుకోవచ్చు. అది లేకపోతే పక్క కౌంటీల నుంచి ఇంటర్‌లైబ్రరీ లోన్ ద్వారా తెప్పిస్తారు. ఫోన్‌లో చదివేవాళ్లకి లిబ్బీ అనే లైబ్రరీ యాప్ ఉంది, కాకపోతే అందులో ఒక కాపీ ఒకసారికి ఒకరికే. హూప్లా అనే ఇంకో యాప్‌లో సాధారణంగా ఎదురుచూపు ఉండదు, నెలకి ఇన్ని అని పరిమితి ఉంటుంది. ‘పాసింగ్’కి ఈ తిప్పలేవీ లేవు, అమెరికాలో 2025 జనవరి 1తో దాని కాపీరైట్ తీరిపోయింది, ఉచితంగా దించుకోవచ్చు. పెద్ద అక్షరాల కాపీ కూడా ఒకటి తెప్పించమనండి. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నలు క్లబ్‌కి రావడానికి ఇష్టపడతారు, కళ్లద్దాలతో చిన్న అక్షరాలు చదవడానికే ఇబ్బంది పడతారు.

ఇంగ్లీషు అర్థం కావట్లేదు అన్నప్పుడు

హర్‌స్టన్ పుస్తకం తెరవగానే ఈ మాట వస్తుంది. పాత్రలు మాట్లాడేది దక్షిణాది నల్లజాతి పల్లె యాస, స్పెల్లింగులు కూడా చెవికి వినపడినట్టే ఉంటాయి. స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో కళ్లు పెట్టి చదివితే నడవదు. ఆడియోబుక్ పెట్టుకుని, పుస్తకం ముందు తెరుచుకుని, రెండూ కలిపి ఒక ఇరవై పేజీలు వెళ్లండి. ఈ నవలని నటి రూబీ డీ చదివింది. ఆ గొంతు ఒకసారి చెవిలో పడ్డాక మిగతాది మీరే చదువుకోగలరు. మారిసన్ కూడా తన నవలల్లో చాలావాటిని తనే చదివి రికార్డు చేసింది. మాండలికంలో రాసిన తెలుగు కథల్ని పైకి చదువుకున్నప్పుడే రుచి తెలిసినవాళ్లకి ఇది ఎబ్బెట్టుగా ఉండదు.

ప్రశ్నలు ఎలా తయారు చేసుకోవాలి

పుస్తకం వెనకో, ఇంటర్నెట్‌లోనో దొరికే ప్రశ్నలు ఎక్కువగా పరీక్ష పేపర్‌లా ఉంటాయి. మీరే ఐదారు రాసుకోండి. ‘నాటి జాతి వివక్ష గురించి ఈ నవల ఏం చెబుతోంది?’ అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. ‘జైలుకి వెళ్లనని గ్రాంట్ మొదట అంత మొండికేస్తాడెందుకు? సాయం చేయడం ఇష్టం లేకనా, భయమా, సిగ్గా?’ అని అడగండి. ‘డేనా రూఫస్‌ని కాపాడటం ఎంతవరకు తన బతుకు కోసం, ఎక్కడి నుంచి అలవాటు, ఎక్కడి నుంచి జాలి?’ అని అడిగితే ఇద్దరు వాదించుకుంటారు. మూడోవాళ్లు పుస్తకం తిరగేసి, కాదు ఈ చోట చూడండి అంటారు. మీకు కావల్సింది ఆ తిరగేయడమే.

ఒక హెచ్చరిక ముందు నెలలోనే ఇవ్వాలి. మారిసన్ మొదటి నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’, 1970, నీలి కళ్లు కావాలని దేవుణ్ణి వేడుకునే నల్లపిల్ల పెకోలా కథ. తండ్రి చేతిలోనే అత్యాచారం ఉంటుంది అందులో. చెప్పకుండా చేతిలో పెట్టడం తప్పు. దీన్ని బడి లైబ్రరీల నుంచి తీసేయమని అడిగేవాళ్లు ఏటా ఉంటూనే ఉన్నారు. అలాగని క్లబ్ దీన్ని దాటేయొద్దు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో రంగు రాసుకునే వాళ్లం, పుట్టిన బిడ్డని చూడగానే ‘ఛాయ తగ్గింది’ అనే వాళ్లం, ఈ నవల చదవాల్సిన మొదటి వరసలో ఉన్నాం.

ఆ రోజు గదిలో

కుర్చీలు గుండ్రంగా వేయండి. గంటంపావు చాలు. పరిచయాలు అవ్వగానే, ప్రతి ఒక్కరూ తమను ఆపేసిన ఒక వాక్యం పైకి చదవాలి. ఎందుకు నచ్చిందో చెప్పక్కర్లేదు. పేజీ నంబర్‌తో పాటు అధ్యాయం నంబర్ కూడా చెప్పమనండి, ఎందుకంటే ఒకరి చేతిలో పేపర్‌బ్యాక్, ఒకరి చేతిలో ఫోన్ ఉంటాయి, పేజీలు కలవవు. దీనివల్ల రెండు లాభాలు. మాటకారి కానివాళ్ల గొంతు కూడా మొదటి పది నిమిషాల్లోనే వినిపిస్తుంది, పూర్తి చేయనివాళ్లు కూడా ఏదో ఒకటి చదవగలుగుతారు.

వాక్యాలు చదివేముందే నియమం చెప్పేయండి. ఈ నవలల్లో ఎన్‌తో మొదలయ్యే ఆ తిట్టు చాలాసార్లు వస్తుంది, పైకి చదివేటప్పుడు దాన్ని ఎవరూ పలకొద్దు. ‘పుస్తకంలో ఉంది కదా’ అనే వాదన అక్కడే ముగించండి.

గుంపులో నల్లజాతి సభ్యురాలు ఒక్కరే ఉంటే అందరి తలలూ ఆమె వైపు తిరుగుతాయి. తిప్పనివ్వకండి. ఆఫీసులో ఎవరో మనల్ని పట్టుకుని ‘మీ దేశంలో పెళ్లిళ్లు ఎలా చేస్తారో చెప్పు’ అన్నప్పుడు నూట నలభై కోట్లమంది తరఫున జవాబు చెప్పాల్సిన ఇరకాటం మనకి తెలుసు. ఆమె కూడా నవల చదవడానికే వచ్చింది. తన అనుభవం చెప్పాలనుకుంటే తనే చెబుతుంది. అందరినీ అడిగినట్టే ‘మీకు గ్రాంట్ నచ్చాడా?’ అని అడగండి.

ఎవరో ఒకాయన ‘అప్పట్లో అన్ని దేశాల్లోనూ బానిసలు ఉండేవాళ్లు కదండీ’ అంటాడు. వాదనకి దిగకండి. ‘ఈ పుస్తకం ఏ చోట చదువుతుంటే అలా అనిపించింది?’ అని అడగండి. ఆయన పేజీ చూపిస్తే మంచి చర్చ, చూపించలేకపోతే మాట అక్కడితో ఆగుతుంది. ఎక్కువ మాట్లాడేవాళ్లకీ ఇదే మందు. మౌనం వచ్చినప్పుడు మాత్రం కంగారుపడి నింపేయకండి. గెయిన్స్ నవలలో చివరికొచ్చేసరికి జెఫర్సన్ డైరీ ఉంటుంది, వచ్చీరాని రాతలో. అది ఒక పేజీ పైకి చదివించి ఊరుకోండి.

కులం మాట వచ్చినప్పుడు

రెండో నెలకల్లా వస్తుంది. రావాలి కూడా. ఈ పోలిక మన ఊహేమీ కాదు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయ్‌కి ఉత్తరం రాశాడు, డుబాయ్ జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ ఆ పేరు పెట్టుకుంది బ్లాక్ పాంథర్ పార్టీని చూసే. కానీ ‘మా దగ్గర కూడా ఇలాగే ఉంటుంది’ అని తేలిగ్గా అనేసేముందు, ఆ ఊళ్లో మన ఇల్లు ఏ వైపు ఉండేదో గుర్తు చేసుకోవాలి. జెఫర్సన్‌తో పోల్చుకోవడం ఎవరికైనా సుఖమే. మనలో చాలామందికి దగ్గరి పోలిక, గ్రాంట్‌ని పెరటి తలుపులోంచి రమ్మని, వంటింట్లో గంటల తరబడి నిలబెట్టే ఆ తెల్ల ఇంటివాళ్లతో ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో నల్లజాతి వాళ్ల గురించి వాడే మాటలు కూడా మనకి తెలియనివేం కాదు. ఇది గదిలో ఇంకొకరి మీద విసరడానికి కాదు, మాట్లాడేవాళ్లు తమ గురించి తాము చెప్పుకోవడానికి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ ఇంగ్లీషులో కూడా ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న క్లబ్ అయితే ‘హోమ్‌గోయింగ్’ అయిన మరుసటి నెల దాన్ని పెట్టుకోవచ్చు. అదీ తరాల కథే.

‘బిలవ్డ్’ ఎప్పుడు

ఏడాది చివర్లో, రెండు నెలలకి విడగొట్టి. 1856లో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి పారిపోయి, పట్టుబడబోతూ తన కూతుర్ని తనే చంపుకున్న మార్గరెట్ గార్నర్ అనే ఆమె వార్త మారిసన్‌కి ఎడిటర్‌గా పనిచేస్తున్నప్పుడు దొరికింది. నవల 1987లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్. ఈ సంగతి ముందే చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం, నేనైతే చెబుతాను. ఏం జరిగిందో తెలిసినా, ఎందుకు జరిగిందన్నదే ఆ పుస్తకం. కథ మధ్యలో మొదలవుతుంది, ఎవరు ఎవరో రచయిత్రి చెప్పదు. మొదటి అధ్యాయం రెండుసార్లు చదివి రమ్మనండి. నవలలో మూడు భాగాలున్నాయి, మొదటిదే సగానికి పైగా ఉంటుంది. అది ఒక నెల, మిగతా రెండూ కలిపి ఇంకో నెల. మొదటి నెల సమావేశంలో ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, అర్థం కాని చోట్లే ఒక పెద్ద కాగితం మీద రాయించండి. రెండో నెలకి ఆ పెద్ద కాగితాన్నే తీసుకొచ్చి, ఏవి తేలాయో ఏవి తేలలేదో అక్కడి నుంచి మొదలుపెట్టండి.